బంక కారితే... దోషి ఎవరు?

బత్తాయి చెట్టు మొదట్లో తేనెరంగు చుక్క కనిపిస్తే చాలు, రైతు గుండెల్లో రాయి పడ్డట్టే. వెంటనే మందుల దుకాణానికి పరుగు. ఏదో ఒక డబ్బా తెచ్చి కొట్టేయడం. బంక ఆగితే సరే... ఆగకపోతే? మరో డబ్బా! ఈలోపు చెట్టు ఎండిపోతుంది. నిజానికి అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఏం మందు కొట్టాలి’ అని కాదు. ‘ఈ పని ఎవరు చేశారు’ అని!

నల్గొండలో బత్తాయి అన్నా, అనంతపురం, కడప జిల్లాల్లో చీనీ అన్నా అదే పండు. ఎండలో పడి ఇంటికొచ్చి ఓ గ్లాసు రసం తాగితే ప్రాణం లేచొస్తుంది. కానీ ఆ గ్లాసు వెనక ఉన్న ఓపిక సామాన్యమైనది కాదు. మొక్క నాటిన నాలుగైదేళ్లకు గానీ చెట్టు కాపుకు రాదు. ఆ అయిదేళ్లూ బోరు, డ్రిప్, ఎరువులు, కూలీలు... అన్నీ ఖర్చులే. ఆ తర్వాత మాత్రం చెట్టు ఏళ్ల తరబడి రైతు కుటుంబాన్ని సాకుతుంది. ఆడపిల్ల పెళ్లి, పిల్లాడి చదువు... అన్నీ ఆ కాపు మీదే. వరి పోతే వచ్చే పంటకు చూసుకోవచ్చు. పదేళ్ల చెట్టు పోతే మళ్లీ పదేళ్లు ఆగాలి. అందుకే బంక తెగులంటే తోట రైతులకు అంత భయం.

జ్వరం లాంటిదే!

జ్వరం అనేది ఒక రోగం పేరు కాదు. మలేరియాకీ జ్వరమే, టైఫాయిడ్‌కీ జ్వరమే. రక్తపరీక్ష చేస్తే గానీ అసలు సంగతి తెలియదు. చెట్టుకు బంక కూడా అలాంటిదే. బెరడు దెబ్బతిన్నప్పుడు నిమ్మజాతి చెట్టు తనను తాను కాపాడుకోవడానికి బంక స్రవిస్తుంది. ఆ దెబ్బ తగలడానికి కారణాలు మాత్రం బోలెడు.

నేలలో ఉండే ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవి వాటిలో మొదటిది. కొమ్మల మీద పగుళ్లు పుట్టించి బంక కార్పించే డిప్లోడియా శిలీంధ్రం ఇంకొకటి. అంటు ద్వారా వచ్చే సోరోసిస్ అనే వైరస్ తెగులులో బెరడు పొలుసులుగా లేస్తుంది, బంకా కారుతుంది. బెరడు తినే పురుగు తొలిచినా, ఎండకు మొద్దు కాలినా, నాగలి గీసుకున్నా, చివరకు రాగి ధాతువు లోపించినా బంక రావచ్చు. పైకి చూస్తే అన్నీ ఒకటే చుక్కలు. లోపల కథలు మాత్రం వేరు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. ఈ బంక నీళ్లలో కరిగిపోతుంది. వానలు బాగా పడే రోజుల్లో ఎప్పటికప్పుడు కడుక్కుపోతుంది. ‘తగ్గిపోయిందిలే’ అనుకుంటాం. నిజానికి తెగులు చెలరేగేది ఆ తడిలోనే!

ఈదుకుంటూ వచ్చే శత్రువు

నిమ్మజాతి తోటల్లో బంక అనగానే శాస్త్రవేత్తలు ముందుగా అనుమానించేది ఫైటోఫ్తోరానే. ఆ మాటకు గ్రీకు భాషలో ‘మొక్కల్ని నాశనం చేసేది’ అని అర్థం. 1876లో జర్మనీ శాస్త్రవేత్త ఆంటన్ డిబారీ పెట్టిన పేరది. 1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటను కుళ్లబెట్టి మహాకరవుకు కారణమైంది కూడా ఈ జాతిదే.

చూడటానికి బూజులా దారాలు దారాలుగా ఉంటుంది కాబట్టి చాలాకాలం దీన్ని శిలీంధ్రం అనే అనుకున్నారు. కానీ ఇది అసలైన శిలీంధ్రం కాదు. ఊమైసీట్లు అనే వేరే వర్గానికి చెందింది. సముద్రపు గోధుమ నాచుకు దూరపు చుట్టం. ఈ చుట్టరికం ఎందుకు ముఖ్యమో మందుల దగ్గరికొచ్చేసరికి తెలుస్తుంది.

దీని బలమంతా నీటిలో ఉంది. నేల తడిగా ఉన్నప్పుడు బుల్లి బుల్లి సంచులు తయారు చేస్తుంది. విచిత్రం ఏంటంటే, సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ సంచులు అచ్చం నిమ్మకాయల్లా ఉంటాయి! పాదులో నీళ్లు నిలవగానే అవి పగిలి, రెండేసి తోకలున్న బీజాలు బయటికొస్తాయి. అవి ఈదుతాయి. లేత వేళ్ల నుంచి వచ్చే ఊటను పసిగట్టి అటే వెళ్లి అతుక్కుంటాయి. ఒక పాదులోంచి ఇంకో పాదులోకి కాలువగా నీళ్లు పారిస్తే... తెగులును మనమే ఇంటింటికీ చేరవేసినట్టు. నీరు లేని రోజుల్లో గట్టి పెంకున్న బీజాలుగా మారి ఏళ్లకేళ్లు మట్టిలో పడి ఉండగలదు.

లేత వేళ్లను కుళ్లబెట్టడం ఒక పద్ధతి. నీటి తుంపరలతో ఎగిరి మొదలు బెరడును పట్టుకోవడం ఇంకో పద్ధతి. బెరడు కింద గోధుమరంగు మచ్చ మొదలై చుట్టూ పాకుతుంది. అది మొద్దును ఒడ్డాణంలా చుట్టేసిందంటే ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు దిగదు. ఆకుల ఈనెలు పసుపు పచ్చగా మారతాయి. కొన్ని చెట్లు కాలంగాని కాలంలో విరగపూస్తాయి. కొత్తవాళ్లు సంబరపడతారు. అనుభవం ఉన్న రైతు మాత్రం గునపం తీసుకుని మొదలు దగ్గరికి వెళతాడు.

తాటిచెట్టు ఇచ్చిన పేరు

ఈ తెగులు నిన్న మొన్నటిది కాదు. అట్లాంటిక్ సముద్రంలోని అజోర్స్ దీవుల్లో 1834 ప్రాంతంలోనే నారింజ తోటలు బంక కారి ఎండిపోయినట్టు నమోదైంది. తర్వాత మధ్యధరా దేశాలకూ పాకింది. అయితే కారణం ఎవరికీ తెలీదు. నీళ్లు ఎక్కువయ్యాయని కొందరు, నేల మంచిది కాదని కొందరు... ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు.

ఆ ముడి విప్పింది కాలిఫోర్నియాలో పనిచేసిన హోవర్డ్ ఫాసెట్. నిమ్మకాయల్ని కుళ్లబెట్టే ఒక సూక్ష్మజీవిని అక్కడి శాస్త్రవేత్తలు 1906లోనే గుర్తించారు. దాన్నే బంక కారే బెరడులోంచి ఫాసెట్ వేరుచేశాడు. ఆరోగ్యంగా ఉన్న చెట్టుకు ఎక్కించి చూశాడు. దానికీ బంక కారింది! 1913లో ఆ సంగతి లోకానికి చెప్పాడు. ఆ సూక్ష్మజీవి పేరే ఫైటోఫ్తోరా సిట్రాఫ్తోరా. అలా వేరుచేసి, ఎక్కించి, అదే జబ్బు తెప్పించి, మళ్లీ వేరుచేసి చూస్తే గానీ సూక్ష్మజీవుల లోకంలో ఎవరినీ దోషి అనకూడదన్నది నియమం.

మన దేశంలో నిమ్మజాతి తోటల్ని పీడించేవి ముఖ్యంగా మూడు. ఈ సిట్రాఫ్తోరా ఒకటి. మిగతా రెండింటికీ మన దేశంతో గట్టి సంబంధమే ఉంది. గోదావరి డెల్టాలో తాటిచెట్ల మొవ్వు కుళ్లిపోతుంటే బ్రిటిష్ శాస్త్రవేత్త ఇ.జె. బట్లర్ పరిశోధించి, 1907లో దానికి కారణమైన జీవిని వర్ణించాడు. దాని పేరు పామివోరా... అంటే తాటిజాతిని తినేది. కొబ్బరి మొవ్వుకుళ్లుకూ, కోకో కాయకుళ్లుకూ అదే కారణం.

రెండోదాన్ని 1913లో బీహార్‌లోని పూసాలో జె.ఎఫ్. దస్తూర్ ఆముదం మొక్కల మీద చూశాడు. పారాసిటికా అని పేరు పెట్టాడు. అంతకుముందే, 1896లో, సుమత్రా దీవిలో పొగాకు మీద చూసిన నికోటియానే, ఇదీ ఒకటేనని తర్వాత తేల్చారు. పాత పేరుకే పెద్దరికం కాబట్టి ఇప్పుడు దాన్ని నికోటియానే అంటున్నారు. పాత పుస్తకాల్లో పారాసిటికా అని కనిపిస్తే కంగారు పడక్కర్లేదు.

ఎర వేసి పట్టుకుంటారు

మరి తోటలో ఉన్నది ఎవరో ఎలా తెలుస్తుంది? ఎండిపోయిన బెరడు ముక్క తీసి ప్రయోగశాలకు పంపితే తెలిసిపోదా? పోదు. అక్కడే చాలామంది బోల్తా పడతారు. ఫైటోఫ్తోరా చంపి ముందుకెళ్లిపోయిన చోట చచ్చినదాన్ని తినే శిలీంధ్రాలు, బ్యాక్టీరియా వచ్చి చేరతాయి. హత్య జరిగాక గుమికూడిన జనాన్ని పట్టుకుంటే హంతకుడు దొరుకుతాడా? అందుకే మచ్చకూ, మంచి బెరడుకూ మధ్య ఉన్న సరిహద్దులోంచి ముక్క తీయాలి. అసలు నేరస్థుడు ఉండేది అక్కడే.

మట్టిలోంచి పట్టడానికి ఇంకో ఉపాయం... ఎర! చెట్టు కింది మట్టిలో నీళ్లు పోసి, పైన లేత నిమ్మాకు ముక్కల్ని తేలేస్తారు. మట్టిలో ఫైటోఫ్తోరా ఉంటే దాని బీజాలు ఈదుకుంటూ వచ్చి ఆకును పట్టుకుంటాయి. రెండు మూడు రోజులకు సూక్ష్మదర్శినిలో చూస్తే ఆకు అంచున నిమ్మకాయ సంచులు దర్శనమిస్తాయి.

తర్వాత దాన్ని ఒంటరిగా పెంచాలి. పెంచే ఆహారంలో కొన్ని మందులు కలుపుతారు. అవి బ్యాక్టీరియాను, అసలైన శిలీంధ్రాలను అణిచేస్తాయి. వేరే వర్గానిది కాబట్టి ఫైటోఫ్తోరా మాత్రం బతుకుతుంది. అలా పెరిగినదాన్ని బట్టి మూడింటిలో ఏదో తేలుస్తారు. 35 డిగ్రీల వేడిలోనూ పెరిగితే నికోటియానే అని అనుమానం. సిట్రాఫ్తోరా ఆ వేడికి ఆగిపోతుంది. పొట్టి కాడతో సంచులు ఊడి రాలిపోతుంటే పామివోరా అయివుండొచ్చు. ఇప్పుడు డీఎన్ఏ పరీక్షలూ వచ్చాయి. అందులోని ఒక భాగాన్ని చదివి, తెలిసిన జాతులతో పోల్చి, పేరు ఖాయం చేస్తారు.

మందు మారితే మట్టిపాలే

ఇంత శ్రమ దేనికి అంటారా? డబ్బు కోసం, చెట్టు కోసం! మెటలాక్సిల్, ఫోసెటైల్ అల్యూమినియం లాంటి మందులు ఫైటోఫ్తోరా వర్గం మీద పనిచేస్తాయి. ఫ్యుజేరియం, డిప్లోడియాల మీద మెటలాక్సిల్ పనిచేయదు. కార్బెండజిమ్ సరిగ్గా దానికి తిరగబడి ఉంటుంది. అసలైన శిలీంధ్రాలు చాలావాటి మీద పనిచేస్తుంది గానీ ఫైటోఫ్తోరాకు అది నీళ్లతో సమానం. చుట్టరికం సంగతి ఇక్కడ తేలుతుంది. దోషి ఎవరో తెలియకుండా కొట్టిన మందుతో డబ్బూ పోతుంది, చెట్టును కాపాడుకునే సమయమూ పోతుంది. పైగా మెటలాక్సిల్‌ను అదేపనిగా వాడితే ఫైటోఫ్తోరా దానికి అలవాటు పడిపోతుంది. తీరా అవసరమైనప్పుడు ఆ మందు పనిచేయదు.

ప్రయోగశాలకు పంపేలోపు తోటలోనే కొంత పోల్చుకోవచ్చు. మొదలు దగ్గర, అంటు కట్టిన చోట బంక కారుతూ, బెరడు గీస్తే తడిగా గోధుమరంగు కనిపిస్తే ఫైటోఫ్తోరా అని అనుమానించాలి. లేత వేరును రెండు వేళ్ల మధ్య పట్టి లాగండి. పైతొక్క తొడుగులా ఊడిపోయి లోపల దారం మిగిలితే అనుమానం బలపడినట్టే. బంక లేకుండా, ఆకులు చెట్టునే వేలాడుతూ హఠాత్తుగా ఎండిపోయి, వేరు చెక్కితే కర్ర పొడిగా, రంగు మారి ఉంటే అది ఫ్యుజేరియంతో వచ్చే ఎండు వేరుకుళ్లు కావచ్చు. బంక పైకొమ్మల మీద పగుళ్లలోంచి వస్తూ, కింద కర్ర నల్లబడి ఉంటే చూపు డిప్లోడియా వైపు తిప్పాలి.

నమూనా పంపేటప్పుడు...

* పూర్తిగా చచ్చిన చెట్టు నుంచి కాదు, అప్పుడప్పుడే తెగులు మొదలైన చెట్టు నుంచి తీయాలి.
* మచ్చ అంచు నుంచి బెరడు ముక్కలు, చెట్టు నీడ పడే మేరలో తడి మట్టి, లేత వేళ్లు విడివిడిగా సంచుల్లో కట్టాలి.
* ఎండలో, మూసిన వాహనంలో వదిలేయకూడదు. వీలైనంత త్వరగా చేర్చాలి.
* ఈమధ్య ఏ మందు కొట్టారో, నీళ్లు ఎలా పెడుతున్నారో చీటీ మీద రాసివ్వాలి.
* తిరుపతిలోని నిమ్మజాతి పరిశోధన స్థానం, నాగ్‌పూర్‌లోని కేంద్రీయ నిమ్మజాతి పరిశోధన సంస్థ ఈ పంటల కోసమే పనిచేస్తున్నాయి. ముందు మీ మండల ఉద్యాన అధికారిని అడిగితే దారి చూపిస్తారు.

నర్సరీలోనే మొదలు

నిజానికి చాలా తోటల్లో ఈ తెగులు బయటి నుంచి నడిచి రాదు. మనమే మొక్క వేళ్లతో, సంచిలోని మట్టితో ఇంటికి తెచ్చుకుంటాం. అందుకే అంటుమొక్క కొనేటప్పుడు ఒకటి రెండు సంచులు విప్పి వేళ్లు చూడటం తప్పుకాదు. తెల్లగా, నిండుగా ఉండాలి. అంటు నేలకు కనీసం జానెడు ఎత్తులో కట్టి ఉండాలి. వేరుమొక్కగా వాడే రంగపూర్ నిమ్మ ఈ తెగులును కొంతవరకు తట్టుకుంటుంది. పైనున్న బత్తాయి తట్టుకోలేదు. అంటును మట్టిలో పూడ్చేస్తే ఆ రక్షణ అక్కడితో పోయినట్టే.

నీరు మొద్దును తాకకుండా చుట్టూ చిన్న కట్ట వేసి, బయటి వలయంలోనే పారించాలి. ఏ చెట్టు నీరు ఆ చెట్టుకే. తెగులు కనిపిస్తే చెడిన బెరడును పదునైన కత్తితో గీకి తీసేసి, ఆ ముక్కల్ని తోటలో పడేయకుండా కాల్చేయాలి. గాయానికి బోర్డో పేస్టు పూయాలి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు... అంతే! వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి మొద్దుకు పూస్తే ముందు జాగ్రత్తగా పనికొస్తుంది.

వానాకాలం మొదలయ్యే ముందు ఓ పూట తోటలో తిరిగి ప్రతి చెట్టు మొదలూ వంగి చూస్తే చాలు. తేనెరంగు చుక్క కనిపిస్తే దుకాణానికి కాదు, ముందు ప్రయోగశాలకు! ఒక సంచి మట్టి, గుప్పెడు వేళ్లు, నాలుగు బెరడు ముక్కలు... పదేళ్ల తోటను కాపాడుకోవడానికి ఇదేమంత పెద్ద శ్రమ కాదు.