రాక్ కచేరీల హోరు – కర్ణరక్షణ

"అబ్బాయి నిన్న రాత్రి పాటకచేరీకి వెళ్ళి వచ్చాడు. తెల్లవారినప్పటి నుండి చెవిలో ఒకటే హోరు అంటున్నాడు. ఏ తైలం వేయమంటారు?" ఈ ప్రశ్న ఈ మధ్య నా వద్దకు తరచుగా వస్తున్నది. అడిగేవారు సాధారణంగా తల్లులు. పిల్లవాడు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో ఉద్యోగం చేస్తుంటాడు. ఇంటికి ఫోను చేసినపుడు మాటవరసకు చెప్పి ఉంటాడు. తల్లి మనసు ఊరుకోదు కదా!

తైలం పేరు చెప్పడం నాకు కష్టం కాదు. చెవిరోగాలకు మన గ్రంథాలలో తైలాలకు కొదువ లేదు. అయినా ఈ ఒక్క ప్రశ్నకు నేనిప్పుడు తైలం పేరు చెప్పను. ఎందుకు చెప్పనో వివరించాలంటే ముందు మా ఇంట జరిగిన సంగతి చెప్పాలి. అది వైద్యుడిగా నేను గర్వించదగిన సంగతి కాదు.

కచేరీ నాటి రాత్రి

2013లో మా చిన్నవాడు బెంగుళూరులో కొత్తగా ఉద్యోగంలో చేరాడు. నేను, నా భార్య వాడిని చూడడానికి వెళ్ళాము. ఆ వారంలోనే అక్కడ విదేశాల నుండి వచ్చిన ఒక రాక్ బృందం కచేరీ జరిగింది. వాడి మిత్రునికి జ్వరం తగిలి ఒక టికెట్టు మిగిలిపోయింది. "నాన్నా, ఒక్కసారి వచ్చి చూడండి. నచ్చకపోతే మధ్యలో వచ్చేద్దాం" అన్నాడు. త్యాగరాజ కీర్తనలు తప్ప మరొకటి ఎరుగని నాకు కుతూహలమే కలిగింది. బయలుదేరేటప్పుడు నా భార్య రెండు దూది ఉండలు చేతిలో పెట్టింది. వాడు చూసి నవ్వాడు.

ఆరుబయలు మైదానం. వేదికకు రెండు వైపులా మేడంత ఎత్తున వ్రేలాడదీసిన స్పీకర్లు. మొదటి దెబ్బ పడగానే శబ్దం చెవికంటె ముందు రొమ్ముకు తగిలింది. నా పంచె అంచు అదరడం కళ్ళారా చూశాను. ఆ వాద్యకారుల లయ మీద నాకు ఎట్టి ఫిర్యాదూ లేదు. జాతరలో డప్పులు విన్న చెవికి అది మరీ పరాయిదిగా తోచలేదు. అరగంట అయ్యేసరికి తట్టుకోలేక నేను మైదానం చివర తినుబండారాల అంగళ్ళ వద్దకు వచ్చి కూర్చున్నాను. వాడు మిత్రులతో కలిసి వేదిక ముందుకు, సరిగ్గా ఎడమవైపు స్పీకర్ల దగ్గరకు వెళ్ళాడు. అక్కడే రెండున్నర గంటలు ఉన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో వాడు పెద్దగా అరుస్తూ మాట్లాడుతున్నాడు. "ఎందుకురా అరుస్తావు?" అన్నాను. "అరవడం లేదే నాన్నా" అన్నాడు.

గదికి చేరి దీపం ఆర్పిన తర్వాత "ఎక్కడో కీచురాయి కూస్తోంది" అన్నాడు. వాళ్ళ అమ్మ లేచి కిటికీ తలుపులు మూసివచ్చింది. "ఇప్పుడు?" అంటే "ఇప్పుడు కూడా" అన్నాడు. అప్పుడు గాని అది బయటి కీచురాయి కాదని మాకు తెలియలేదు.

మర్నాటికి కుడిచెవి తేరుకుంది. ఎడమచెవి మాత్రం దూది కుక్కినట్లు దిమ్ముగా ఉండి, లోపల కూత అలాగే ఉంది. నేను కర్ణనాదంగా నిర్ణయించాను. వాత ప్రకోపమని తలచాను. ప్రయాణంలో వెంట ఉంచుకొనే బిల్వతైలం గోరువెచ్చగా చేసి కర్ణపూరణం ఆరంభించాను. మూడవనాడు వాడు "మా ఆఫీసులో డాక్టరుగారు చెవి, ముక్కు, గొంతు నిపుణుల దగ్గరకు వెళ్ళమంటున్నారు" అన్నాడు. "అవసరం లేదు" అన్నాను. ఆ రెండు మాటలు నా నోటివే. నలభై ఏళ్ళు వైద్యం చేసినవాడిలో నాడి పట్టే వేళ్ళతోపాటు అహంకారం కూడా పెరుగుతుందేమో!

పన్నెండవనాటికి కూత తగ్గలేదు. అప్పుడు వెళ్ళాము. ఆ వైద్యుడు వయసులో నాకు చాలా చిన్నవాడు. యంత్రంతో వినికిడి పరీక్ష చేసి కాగితం మీద గీత చూపాడు. కుడిచెవి గీత సమంగా సాగింది. ఎడమచెవిది సెకనుకు 4,000 కంపనాల దగ్గర గోతిలో పడినట్లు దిగి మళ్ళీ లేచింది. శబ్దఘాతం తిన్న చెవి సాధారణంగా ఆ చోటనే ఇట్టి గుర్తు చూపుతుందట. "మొదటి రెండు మూడు రోజుల్లో వచ్చి ఉంటే మందులతో ఒక ప్రయత్నం చేసి ఉండేవాళ్ళం. తప్పక ఫలించేదని చెప్పలేను. ఇప్పుడు దానికి వేళ దాటిపోయింది" అన్నాడు. ఎంతో మర్యాదగా అన్నాడు. అందుకే మరింత గుచ్చుకుంది.

చరకంలో ఉన్నదే

నేను పట్టాల కళాశాలలో చదివినవాడిని కాను. గురువుగారి ఇంట ఉండి, వేకువనే లేచి సంహితలు వల్లించి నేర్చుకున్నవాడిని. చరకసంహిత సూత్రస్థానం పదకొండవ అధ్యాయంలో ఇంద్రియాలకు, వాటి విషయాలకు గల సంబంధం మూడు విధాలుగా చెడుతుందని ఉంది: అతియోగం, అయోగం, మిథ్యాయోగం. ఎక్కువ కావడం, బొత్తిగా లేకపోవడం, తగని విధంగా ఉండడం. చెవికి అతియోగం ఏదంటే మేఘగర్జనను, భేరీధ్వనులను, బిగ్గర కేకలను మితిమీరి వినడమని ఆచార్యుడు ఉదాహరణలతో సహా చెప్పాడు. ఉరుము, డప్పు, కేక! ఆనాటి మైదానంలో ఈ మూడూ ఒక్కచోట ఉన్నాయి. ఆ పాఠాన్ని నేను కొన్ని వందల మార్లు వల్లించాను. అయినా అక్కడ నిలబడి ఉన్నపుడు అది నాకు స్ఫురించలేదు.

సుశ్రుతుడు ఉత్తరతంత్రంలో చెవిరోగాలు ఇరవై ఎనిమిది అని లెక్కించి కర్ణనాదాన్ని, బాధిర్యాన్ని వేర్వేరుగా చెప్పాడు. చికిత్స అంతటినీ సంగ్రహిస్తే కారణాన్ని విడిచిపెట్టడమే అన్నవాడూ ఆయనే. దానిని నిదాన పరివర్జనం అంటాము. నాకు తైలం గుర్తుకు వచ్చింది గాని నిదానం గుర్తుకు రాలేదు.

తైలం ఎందుకు చేరదు?

చెవిలో పోసిన తైలం కర్ణభేరి వరకే పోతుంది. శబ్దాన్ని గ్రహించే భాగం దానికి ఆవల, గట్టి ఎముకలో దాగి, నత్తగుల్ల ఆకారంలో ఉంటుంది. దానిలో ఒక్కొక్క చెవికి సుమారు 15,000 సూక్ష్మ రోమకణాలు ఉంటాయి. శబ్దతరంగం వచ్చినపుడు వాటి పైనున్న రోమాలు వంగుతాయి. ఆ కదలిక నాడి ద్వారా మెదడుకు చేరుతుంది.

వరిచేను తలచుకోండి. పిల్లగాలికి వంగి తిరిగి లేస్తుంది. ఈదురుగాలికి పడినా రెండు రోజులలో కొంత తేరుకుంటుంది. తుపానుకు వెన్ను విరిగి నేలకు కరుచుకుంటుంది. కచేరీ మర్నాడు చెవి దిమ్ముగా ఉండి, క్రమంగా విడిపోవడం ఆ రెండవ దశ. విడిపోకపోవడం మూడవది. చేను పోతే మళ్ళీ నాటుకుంటాము. ఈ చేనుకు రెండవ నాటు లేదు. పక్షులలో ఈ కణాలు తిరిగి మొలుస్తాయని 1980ల చివర శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. మనుష్యులకు ఆ భాగ్యం లేదు. ఏ తైలమూ, ఏ లేహ్యమూ, నేటివరకు ఏ ఇంగ్లీషు మందూ చచ్చిన రోమకణాన్ని తిరిగి మొలిపించలేదు.

తేరుకున్న చెవి క్షేమమని కూడా అనుకోరాదు. 2009లో అమెరికాలో చుంచెలుకలకు రెండు గంటలపాటు 100 డెసిబెల్ల శబ్దం వినిపించి పరిశీలించారు. కొద్ది రోజులలో వాటి వినికిడి పూర్వస్థితికి వచ్చింది. కాని లోపల రోమకణాలకు, నాడికి మధ్యనున్న సంధులు చాలావరకు శాశ్వతంగా తెగిపోయి ఉన్నాయి. పెండ్లిపందిట్లో పదిమంది మాట్లాడుతుంటే ఎదుటివాని మాట పట్టుబడని వారికి ఇటువంటి నష్టం ఒక కారణం కావచ్చునని పండితుల ఊహ.

ఎంత శబ్దం, ఎంతసేపు?

డెసిబెల్ లెక్క మన మామూలు కూడికల వంటిది కాదు. మూడు డెసిబెల్లు పెరిగితే శబ్దశక్తి రెట్టింపవుతుంది. అందుచేత వినదగిన కాలం సగమవుతుంది. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ 1998లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం 85 డెసిబెల్ల వద్ద ఎనిమిది గంటలు, 88 వద్ద నాలుగు, 91 వద్ద రెండు, 94 వద్ద ఒక గంట. 100 వద్ద పదిహేను నిమిషాలు మాత్రమే! రాక్ కచేరీలలో వేదిక దగ్గర 100 దాటడం సాధారణం. మా వాడు రెండున్నర గంటలు నిలబడ్డాడు. లెక్క మీరే వేసుకోండి.

ఇంగ్లండులో ద హూ అనే బృందం 1976 మే 31న లండన్‌లోని చార్ల్‌టన్ ఫుట్‌బాల్ మైదానంలో పాడినపుడు స్పీకర్లకు 32 మీటర్ల దూరంలో 126 డెసిబెల్లు నమోదైంది. గిన్నిస్ గ్రంథం దానిని రికార్డుగా ప్రకటించింది. తరువాత ఇట్టి పోటీ వలన చెవులు చెడుతాయని ఆ శీర్షికనే ఎత్తివేసింది. ఆ బృందపు గిటార్ వాద్యకారుడు పీట్ టౌన్‌షెండ్‌కు వినికిడి తగ్గి కర్ణనాదం పట్టుకుంది. వేదికకంటె రికార్డింగు గదిలో చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోన్లే తనకు ఎక్కువ చేటు చేశాయని ఆయన చెప్పుకున్నాడు. ఇంట్లో కూర్చుని చెవుల్లో తీగలు పెట్టుకునే పిల్లల తల్లిదండ్రులు ఈ మాట గమనించాలి. మెటాలికా బృందపు డ్రమ్ములవాడు లార్స్ అల్రిక్ కూడా కర్ణనాద పీడితుడే. కాథీ పెక్ అనే బేస్ గిటార్ వాద్యకారిణి కచేరీల హోరులో వినికిడి పోగొట్టుకుని, 1988లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక వైద్యునితో కలిసి రాక్ సంగీతకారుల కర్ణరక్షణకే ఒక సంస్థ స్థాపించింది. అంటే ఆ సంగీతాన్ని ప్రేమించినవారే ముందుగా మేలుకొన్నారు. మన ఇళ్ళలో "ఆ పిచ్చిపాటలు మానరా" అని పిల్లలను తిట్టడం కంటె ఈ పేర్లు చెబితే వింటారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో కచేరీశాలలకు ప్రమాణాలు వెలువరించింది. పదిహేను నిమిషాల సగటు 100 డెసిబెల్లు మించరాదు, వచ్చినవారికి చెవిబిరడాలు అందుబాటులో ఉండాలి, కాసేపు కూర్చోడానికి నిశ్శబ్దమైన చోటు ఉండాలి అన్నది. అది పైహద్దు సుమా! అంత హోరులో మూడు గంటలు బిరడా లేకుండా నిలబడవచ్చునని దాని అర్థం కాదు.

వెళ్ళే పిల్లలకు

వెళ్ళవద్దని నేను చెప్పను. చెప్పినా వినరు.

మొదట బిరడా. దూది పనికిరాదు. ఆనాటి నా దూది ఉండలు నన్ను కాపాడలేదు, మైదానం చివరన కూర్చోవడమే కాపాడింది. మందుల దుకాణాలలో మెత్తని నురుగు బిరడాలు చవకగా దొరుకుతాయి. చాలామంది వాటిని చెవి వాకిట పెట్టి వదిలేస్తారు. అది పెట్టుకోనట్లే. ముందు చేతులు కడుక్కోవాలి. బిరడాను వేళ్ళ మధ్య సన్నని వత్తిలా నలపాలి. రెండవ చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి, కొంచెం వెనుకకు లాగాలి. అప్పుడు చెవి దారి తిన్ననవుతుంది. వత్తిని లోపలికి పోనిచ్చి, అది ఉబ్బి దారిని నింపేవరకు అర నిమిషం వేలితో అదిమి ఉంచాలి. సరిగా కూర్చుంటే మీ మాట మీకే కుండలో నుండి వచ్చినట్లు వినబడుతుంది. సంగీతం రుచి పోతుందని బాధపడేవారికి అన్ని స్వరాలనూ సమంగా తగ్గించే ప్రత్యేకమైన బిరడాలు ఉన్నాయి. వెల కొంత ఎక్కువ. చెవిలో చీము గాని, కర్ణభేరికి రంధ్రం గాని ఉన్నవారు వైద్యుని అడిగిన తర్వాతనే పెట్టుకోవాలి. చిన్నపిల్లలను ఇట్టి చోటికి తీసుకుపోకపోవడమే మేలు. తప్పదంటే చెవులను పూర్తిగా కప్పే డిప్పలు తగిలించండి.

రెండవది దూరం. ఆరుబయట స్పీకరు నుండి రెట్టింపు దూరం జరిగితే శబ్దం ఆరు డెసిబెల్ల వరకు తగ్గవచ్చు. గంటకొకమారు పావుగంట బయటకు వచ్చి చెవికి విశ్రాంతినివ్వాలి. మర్నాడు మళ్ళీ హోరు వద్దు, హెడ్‌ఫోన్లు వద్దు. మన పెండ్లి ఊరేగింపుల డీజేలకు, నిమజ్జనాల స్పీకర్లకు కూడా ఈ నియమాలే. విదేశీ హోరుకు ఒక చెవి, స్వదేశీ హోరుకు మరొక చెవి దేవుడు ఇవ్వలేదు.

కచేరీ తర్వాత చెవి దిమ్ము, కూత ఒక రోజు దాటినా ఉంటే, లేదా ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోయినట్లయితే ఆనాడే చెవి వైద్య నిపుణుని వద్దకు వెళ్ళండి. వెల్లుల్లి కాచిన నూనె, వేడి నూనె, అగ్గిపుల్ల – ఏదీ చెవిలోనికి పోనీయకండి. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే నూనె మరింత కీడు చేస్తుంది. కర్ణపూరణాన్ని నేను వదులుకోలేదు. పొడిబారి దురద పెట్టే చెవికి, పరీక్షించి, భేరి చక్కగా ఉందని తెలిశాక ఇప్పటికీ చేస్తాను. దాని స్థానం అది.

మా వాడి ఎడమచెవిలో కూత ఇప్పటికీ ఉంది. నిశ్శబ్దంలోనే అది ఎక్కువ వినబడుతుంది కనుక రాత్రి గదిలో ఫ్యాను చప్పుడు ఉంచుకుని పడుకుంటాడు. నిద్ర చెడిన రోజులలో కూత హెచ్చుతుంది. తలకు, అరికాళ్ళకు నూనె మర్దన చేయించుకుంటే నిద్ర పడుతుందంటాడు. కూత మాత్రం పోలేదని కూడా అంటాడు. కచేరీలకు వెళ్ళడం మానలేదు. వెనుక వరుసలో నిలబడతాడు.

మొన్న సంక్రాంతికి ఇంటికి వచ్చినపుడు మా వీధిలో ఒక పెండ్లి ఊరేగింపు బయలుదేరింది. వాన్ మీద స్పీకర్లు చూడగానే వాడు తాళంచెవుల గుత్తికి ఉన్న చిన్న డబ్బా విప్పి, రెండు బిరడాలు తను పెట్టుకుని, రెండు నా చేతిలో పెట్టాడు. నేను వత్తిలా నలుపుతూ ఉంటే వాన్ దగ్గరకు వచ్చేసింది.

"చెవిని పైకి లాగండి నాన్నా" అన్నాడు.