మీకు తెలుసా? ఒమాన్ నుంచి మెసేజ్ పది నిమిషాలు ఆలస్యం

2018 ఫిబ్రవరిలో ఒమాన్ ఎడారిలోని ఒక శిబిరం నుంచి ఆస్ట్రియాకు మెసేజ్ పంపితే, అది చేరడానికి పది నిమిషాలు పట్టేది. లైన్ బాగానే ఉంది. కావాలనే ఆలస్యం చేసేవారు.

ఒమాన్ దక్షిణ భాగాన, ధోఫార్ ప్రాంతంలోని మర్ముల్ దగ్గర ఆస్ట్రియన్ స్పేస్ ఫోరం వాళ్లు అంగారక యాత్రకు రిహార్సల్ వేశారు. దానికి అమాడీ-18 అని పేరు పెట్టారు. 25 దేశాలకు చెందిన 200 మందికి పైగా శాస్త్రవేత్తలు అందులో పాలుపంచుకున్నారు. ఇసుక, రాళ్ల నేల, ఎండిన వాగులు అన్నీ దగ్గర దగ్గరగా దొరికే చోటు అది. గాలి నింపి నిలబెట్టిన 2.4 టన్నుల ఇల్లు, సెన్సర్లు బిగించిన 50 కిలోల ‘ఆవుడా’ స్పేస్‌సూట్ తెచ్చుకున్నారు. కంట్రోల్ రూమ్ మాత్రం ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో ఉంది. అంగారకుడు ఎంత దూరంలో ఉన్నాడన్నదాన్ని బట్టి అక్కడికి రేడియో సిగ్నల్ వెళ్లడానికి సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. వీళ్లు మధ్యస్థంగా పది అనుకున్నారు. అంటే, “ఇప్పుడేం చెయ్యమంటారు?” అని అడిగితే జవాబు ఇరవై నిమిషాలకు గానీ రాదు. ఆలోగా మనిషో యంత్రమో సొంత బుర్ర వాడాల్సిందే. నన్నడిగితే, ఆ శిబిరంలో అన్నిటికన్నా అంగారకుడిలా ఉన్నది ఎర్రమట్టి కాదు, ఆ ఆలస్యమే.

ఇలా ఆలస్యం పుట్టించడానికి ఎడారి దాకా పోనక్కర్లేదని తెలుసా? లైనక్స్‌లో ‘నెట్‌ఎమ్’ అనే సదుపాయం ఉంది. ఒక్క కమాండ్ కొడితే చాలు, బయటికి వెళ్లే డేటాను ఆలస్యం చేస్తుంది, కొంత దారిలో పారేస్తుంది, ఒకేదాన్ని రెండుసార్లు పంపుతుంది, వరస కూడా మార్చేస్తుంది. ఇంటర్నెట్‌కు కలిపిన వస్తువులను పరీక్షించేవాళ్లకు ఇది బంగారం లాంటిది. ఫోన్‌తో నడిపే బోరు మోటారునే తీసుకోండి. రైతు ‘ఆన్’ నొక్కాడు, సిగ్నల్ అందలేదనుకుని కాసేపటికి ‘ఆఫ్’ నొక్కి పడుకున్నాడు. ముందు ‘ఆఫ్’ చేరి, దారిలో చిక్కుకున్న ‘ఆన్’ తర్వాత చేరిందనుకోండి. తెల్లవార్లూ మోటారు తిరుగుతూనే ఉంటుంది. ప్రతి ఆదేశానికీ వరస నంబరు ఉండి, పాత నంబరు వస్తే మోటారు పట్టించుకోకుండా ఉంటే ఈ గొడవ లేదు. ఆ నంబరు పెట్టారో లేదో మడి గట్టు తెగకముందే, నెట్‌ఎమ్‌తో ఆఫీసు బల్ల మీదే తెలిసిపోతుంది.

ఆలస్యాన్నే కాదు, వేల సెన్సర్లను కూడా కొనకుండానే ఒక్క కంప్యూటర్‌లో ఆడించవచ్చు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2003లో ‘టాసిమ్’ అనే సిమ్యులేటర్‌తో ఆ పని చేసి చూపించారు. సెన్సర్‌లో పెట్టబోయే ప్రోగ్రామ్‌నే దాదాపు యథాతథంగా కంప్యూటర్‌లో నడపడం దాని గొప్ప. కానీ బ్యాటరీ ఎంత ఖర్చవుతుందో అది లెక్కగట్టలేదు. బ్యాటరీ మీదే బతికే వస్తువుకు అది చిన్న లోపమేం కాదు. ఆ లెక్క కోసం మరుసటి ఏడాది ‘పవర్‌టాసిమ్’ రావాల్సి వచ్చింది.

మళ్లీ ఒమాన్ సంగతే. అక్కడి కురయ్యాత్ పట్టణంలో 2018 జూన్‌లో ఒకసారి 24 గంటల పాటు, అర్ధరాత్రితో సహా, ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల కంటే కిందికి దిగలేదు. ఆ వేడిని గుంటూరులో ఇంజనీరింగ్ విద్యార్థి ఇప్పుడు బ్రౌజర్‌లోనే తెప్పించుకోవచ్చు. ‘వోక్వి’ అనే సిమ్యులేటర్ తెరిచి, బొమ్మలోని, ఉష్ణోగ్రత కొలిచే డీహెచ్‌టీ22 సెన్సర్ మీద నొక్కి, స్లైడర్ జరిపితే సరి. ప్రోగ్రామ్ 42.6 అని చదువుతుంది, ఫ్యాన్ వెయ్యమంటుంది, అంతా సవ్యంగా నడుస్తుంది. అదే సెన్సర్‌ను ప్లాస్టిక్ డబ్బాలో మూసి ఎండలో పెడితే గాలి వేడిని కాదు, డబ్బా వేడిని చెబుతుంది. స్లైడర్‌కు డబ్బా లేదు, దుమ్ము లేదు. హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ తన క్యాంపస్‌నే ‘స్మార్ట్ సిటీ లివింగ్ ల్యాబ్’గా మార్చుకుని, సెన్సర్లను ఆరుబయట పెట్టి చూసేది ఇందుకే.