నేలపట్టులో గూడబాతుల ఫొటోలు

పెళ్ళిళ్ళలో అందరినీ వరసగా నిలబెట్టి, "కాస్త నవ్వండి" అంటూ ఫొటోలు తీయడం నాకు అలవాటే. అడవి పక్షి మనం నిలబడమంటే నిలబడుతుందా? ఆ సంగతి నేలపట్టు వెళ్ళాకగానీ నాకు తెలిసిరాలేదు.

నేలపట్టు తిరుపతి జిల్లాలో, సూళ్ళూరుపేటకి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న ఊరు. అక్కడి చెరువుని 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. నీళ్ళలో నిలబడి పెరిగే కడప చెట్ల మీద, అక్టోబరు నుంచి మార్చి దాకా గూడబాతులు గూళ్ళు కట్టుకుంటాయి. వీటినే పెలికాన్లంటారు. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు కూడా ఇరుగుపొరుగున కాపురం పెడతాయి. చేపల కోసం పులికాట్ సరస్సు దాకా వెళ్ళొస్తాయి. ఫ్లెమింగోలు కనబడలేదని మొహం వేలాడేసుకునే వాళ్ళూ ఉన్నారు. అవి ఉండేది పులికాట్‌లోనండీ, ఇక్కడ కాదు! రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పొలానికి ఎరువులా పనిచేస్తాయని ఊరి రైతులకి ఈ పక్షులంటే ప్రాణం.

మేం జనవరిలో వెళ్ళాం. పొద్దున్న ఎండ మెత్తగా ఉంటుంది. సూర్యుడు మన వీపు వెనక ఉండేలా నిలబడితే ఈకల వరసలు కూడా తెలుస్తాయి. మిట్టమధ్యాహ్నం తీసినవన్నీ సున్నం కొట్టినట్టొచ్చాయి. పెద్ద లెన్సుల కెమెరా మన దగ్గరెక్కడిది? బైనాక్యులర్స్‌లో కన్ను పెట్టే చోట సెల్‌ఫోన్ కెమెరా ఆనించి తీయమన్నాడు మా పెద్దాడు. మొదట్లో అన్నీ నల్లటి గుండ్రాలే. మోచేతులు కడ్డీకి ఆనించి, ఊపిరి బిగబట్టాక బొమ్మ కుదిరింది. ఫ్లాష్ మాత్రం ఆపేసుకోండి. చీర కూడా ఆకుపచ్చో, మట్టి రంగో మంచిది. నేను కట్టుకెళ్ళింది ఎర్రటి వెంకటగిరి చీర, ఏం చెప్పను!

అక్కడే నా వల్ల ఒక పొరపాటు జరిగింది. ఎగిరే ఫొటో ఒక్కటైనా రాలేదే అని పైకే అనేశాను. అది విని మా చిన్నాడు గట్టిగా చప్పట్లు కొట్టాడు. దగ్గరి చెట్టు మీంచి నాలుగైదు పక్షులు లేచాయి. నేను టకటకా తీసేశాను. తీస్తుంటేనే కనిపించింది, ఖాళీ అయిన గూట్లోకి కాకి దిగడం. గుడ్డు ముక్కున కరుచుకుని పోయింది. సుమారు 30 రోజులు పొదగాల్సిన గుడ్డది. పెలికాన్ పిల్లలు పుట్టినప్పుడు ఒంటి మీద ఈక ఉండదు. తల్లి రెక్కల నీడ లేకపోతే ఎండకి తట్టుకోలేవు. గూటినీ గుడ్లనీ కదిలించడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట కిందే లెక్కట. ఇంటికొచ్చాక పెద్దాడు చదివి చెబితే నాకు అన్నం సయించలేదు. చిన్నాణ్ణి తిట్టలేకపోయాను, అడిగింది నేనేగా!

ఆ ఎగిరే ఫొటో బాగానే వచ్చింది. ఎవరికీ చూపించలేదు. షోకేసులో పెట్టింది వేరేది. పిల్ల తన తల మొత్తం తల్లి గొంతు సంచిలోకి దూర్చి చేపలు తింటోంది. కాస్త మసగ్గా ఉంటుంది. "పిల్ల ఏదీ, తల్లొక్కతే కనబడుతోంది!" అంటారు మావారు ఇప్పటికీ.