పాట సాక్ష్యంగా మారినప్పుడు: యంగ్ థగ్ కేసు పరిశీలన

వ్యవస్థీకృత నేరం అంటే ఏమిటో, సాధారణ నేరానికీ దానికీ ఉన్న తేడా ఏమిటో కిందటి భాగంలో చదివారు. ఆ నిర్వచనం కోర్టులో ఎలా పనిచేస్తుందో ఈ భాగంలో ఒకే ఒక్క కేసు ఆధారంగా పరిశీలిద్దాం. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 2022 నుంచి 2024 వరకు నడిచిన ఈ కేసులో ప్రధాన ముద్దాయి ఒక రాప్ గాయకుడు. అతడి పాటలు, సోషల్ మీడియా పోస్టులు, చేతి సైగలు కూడా సాక్ష్యాలుగా కోర్టు ముందుకు వచ్చాయి. ఒక మనిషి ఎవరితో తిరిగాడు, ఏం పాడాడు అన్నదాన్ని బట్టి అతడి నేరాన్ని నిరూపించవచ్చునా? మన ముందున్న ప్రశ్న ఇదే. రాప్ సంగీతం మీకు నచ్చుతుందా, నచ్చదా అన్న సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఎందుకు అలా అడుగుతున్నామో ముందుకు వెళ్లే కొద్దీ మీకే తెలుస్తుంది.

ముద్దాయి, అతడి సంస్థ

యంగ్ థగ్ అసలు పేరు జెఫ్రీ లామార్ విలియమ్స్. 1991లో అట్లాంటా నగరంలో పుట్టాడు. పేదల కోసం ప్రభుత్వం కట్టించిన జోన్స్‌బరో సౌత్ అనే గృహ సముదాయంలో పెరిగాడు. అట్లాంటా గత రెండు దశాబ్దాలుగా ట్రాప్ అనే సంగీత శైలికి రాజధానిలాంటిది. మాదకద్రవ్యాలు అమ్మే ఇంటికి అక్కడి వాడుకలో ఉన్న పేరే ఆ శైలికి వచ్చింది. కాబట్టి తుపాకులు, సరుకు, డబ్బు, శత్రువులు ఆ పాటల్లో మామూలు వస్తువులు. ఆ శైలిలో యంగ్ థగ్ చిన్న పేరేమీ కాదు. 'దిస్ ఈజ్ అమెరికా' పాట రచయితల్లో ఒకడిగా 2019లో గ్రామీ పురస్కారం అందుకున్నాడు.

అతడు స్థాపించిన సంగీత సంస్థ పేరు వై.ఎస్.ఎల్. ఈ మూడు అక్షరాలకు 'యంగ్ స్టోనర్ లైఫ్' అని అర్థమంటూ ఆ పేరుతో రికార్డులు విడుదలయ్యాయి. ప్రభుత్వం మాత్రం వాటికి 'యంగ్ స్లైమ్ లైఫ్' అని అర్థం చెప్పింది. అది 2012లో అట్లాంటాలో మొదలైన నేరస్థుల ముఠా అనీ, 'బ్లడ్స్' అనే దేశవ్యాప్త ముఠాతో దానికి సంబంధం ఉందనీ ఆరోపించింది. ఒకే పేరు, రెండు అర్థాలు. ముద్దాయి పక్షం దృష్టిలో అది వ్యాపార సంస్థ, ప్రాసిక్యూషన్ దృష్టిలో ముఠా. ఒకే బృందం రెండూ కావచ్చు కూడా. కేసును క్లిష్టం చేసింది ఈ మూడో అవకాశమే.

రికో చట్టం ఏం చెబుతుంది?

2022 మే 9న ఫుల్టన్ కౌంటీ గ్రాండ్ జ్యూరీ నేరారోపణ పత్రం బయటికి వచ్చింది. అందులో 28 మంది పేర్లు, 56 అభియోగాలు ఉన్నాయి. మూడు నెలల తర్వాత దాన్ని సవరించి అభియోగాలను 65కు పెంచారు. అభియోగాలకు మూలం జార్జియా రికో చట్టం.

రికో అంటే దోపిడీ ముఠాల ప్రభావానికి, అవినీతికి లోనైన సంస్థలపై చర్య తీసుకునే చట్టం. అమెరికా కేంద్ర ప్రభుత్వం దీన్ని 1970లో మాఫియా కుటుంబాల కోసం తెచ్చింది. మాఫియా నాయకుడు స్వయంగా ఎవరినీ చంపడు, ఎవరి జేబూ కొట్టడు, తన కింది వారితో చేయిస్తాడు. విడివిడి నేరాలకు మాత్రమే శిక్ష వేసే చట్టంతో అతణ్ణి పట్టుకోవడం కష్టం. అందుకే, ఒక సంస్థ ఉంది, దాని కోసం వరుసగా నేరాలు జరిగాయి, ఆ సంస్థను నడపడంలో ఇతడు పాలుపంచుకున్నాడు అని చూపిస్తే చాలునన్నారు. జార్జియా 1980లో తన సొంత రికో చట్టాన్ని చేసుకుంది. అది కేంద్ర చట్టం కంటే విశాలమైనది. దీని కింద శిక్ష 5 నుంచి 20 ఏళ్ల వరకు ఉంటుంది. ఎంత విశాలమో తెలియడానికి ఒక ఉదాహరణ: విద్యార్థుల పరీక్ష జవాబులను దిద్ది మార్కులు పెంచిన అట్లాంటా ఉపాధ్యాయులపైనా ఇదే చట్టం ప్రయోగించారు. 2015లో పదకొండు మందిని దోషులుగా తేల్చారు. ఆ కేసు వాదించిన వారిలో ఒకరైన ఫానీ విల్లిస్ తర్వాత ఫుల్టన్ కౌంటీ జిల్లా అటార్నీ అయ్యారు. యంగ్ థగ్ కేసు పెట్టింది కూడా ఆమే.

రికో కుట్ర అభియోగంలో 'బహిరంగ చర్య' అనే భావనను మీరు బాగా గుర్తుంచుకోవాలి. కుట్రను ముందుకు తీసుకుపోయే ఏ పనైనా బహిరంగ చర్యే, అది విడిగా నేరం కానవసరం లేదు. 2015 జనవరిలో అట్లాంటాలో ఒక యువకుణ్ణి కాల్చి చంపారు. ఆ హత్యకు వాడిన కారును విలియమ్స్ అద్దెకు తీసుకున్నాడని ప్రాసిక్యూషన్ చెప్పింది. అతడిపై హత్యానేరం మోపలేదు, కాని కారు అద్దెకు తీసుకోవడాన్ని కుట్రలోని ఒక చర్యగా చూపారు. కొన్ని పాటల చరణాలను, వీడియోలను కూడా అదే జాబితాలో చేర్చారు. అంటే పాట కేవలం సాక్ష్యం కాదు, కుట్రలో భాగమని ప్రభుత్వ వాదన.

చనిపోయిన ఆ యువకుడి కుటుంబం దృష్టితో కూడా ఇక్కడ ఒకసారి చూడండి. ఏడేళ్లు గడిచినా నేరం ఎవరిపైనా రుజువు కాలేదు. ముఠా భయం ఉన్న వీధిలో సాక్షి నోరు విప్పడం ప్రాణాలతో చెలగాటం. అలాంటి చోట ముఠా మొత్తాన్ని ఒకే కేసులోకి తేవడం తప్ప మార్గం లేదని ప్రాసిక్యూటర్లు అనడంలో కొంత నిజముంది. రికో చట్టాన్ని విమర్శించే వారు ఈ కష్టాన్ని తరచుగా తేలిక చేసి మాట్లాడతారు.

'థగ్' అనే మాట

ముద్దాయి పేరులోని 'థగ్' మన దేశం నుంచి వెళ్లిన మాటే. హిందీలో ఠగ్ అంటే మోసగాడు. బాటసారులతో స్నేహం నటించి, గొంతు బిగించి చంపే ముఠాలకు ఆంగ్లేయులు ఈ పేరు స్థిరపరిచారు. విలియం స్లీమన్ నడిపిన అణచివేతకు తోడుగా 1836లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఒక వ్యక్తి ఠగ్గుల ముఠాకు చెందినవాడని రుజువైతే చాలు, యావజ్జీవ కఠిన కారాగారం. ఏ హత్యలో పాల్గొన్నాడో చూపనక్కరలేదు. అంటే సభ్యత్వమే నేరం. భారత శిక్షాస్మృతి 310, 311 సెక్షన్లలో 'థగ్' అనే పదం, దానికి యావజ్జీవ శిక్ష 2024 జూన్ వరకు అలాగే ఉన్నాయి. ఆ ఏడాది జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అవి లేవు. దాని బదులు 111వ సెక్షన్‌లో వ్యవస్థీకృత నేరం చేరింది.

అట్లాంటా కోర్టులో ఈ పేరు గురించీ వాదన జరిగింది. డిఫెన్స్ న్యాయవాది బ్రయాన్ స్టీల్ తన ప్రారంభ ప్రసంగంలో, తన కక్షిదారుడి పేరులోని 'థగ్' దుండగుడు అనే అర్థంలో వాడింది కాదనీ, దేవుని ముందు నిజంగా అణకువ గలవాడు అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలనీ చెప్పారు. ఇది నమ్మడం కొంచెం కష్టమే. కాని ఒక గాయకుడి రంగస్థల నామాన్ని అతడి వాంగ్మూలంలా చదవడం మొదలైతే, న్యాయవాదులు ఇలాంటి నిఘంటువులు తయారుచేయక తప్పదు.

పాటను కోర్టు ఎలా చదవాలి?

అమెరికా రాజ్యాంగానికి జరిగిన మొదటి సవరణ వాక్‌స్వాతంత్ర్యాన్ని కాపాడుతుంది. పాట రాసినందుకు శిక్ష వేయకూడదు. అయితే, వేరే నేరాన్ని నిరూపించడానికి ఆ పాటను చూపవచ్చునా అన్నది భిన్నమైన ప్రశ్న. మాటలను సాక్ష్యంగా వాడడాన్ని మొదటి సవరణ పూర్తిగా నిషేధించదని అమెరికా సుప్రీంకోర్టు 1993లో చెప్పింది. అంతకు ముందు ఏడాదే మరో తీర్పులో, కేసుతో సంబంధం లేకుండా కేవలం ఫలానా ముఠా సభ్యుడని చెప్పి శిక్షను ప్రభావితం చేయరాదని కూడా చెప్పింది. ఈ రెండు తీర్పుల మధ్య ఉన్న ఖాళీలోనే న్యాయమూర్తి నిర్ణయం తీసుకోవాలి.

అతడు తూకం వేయవలసినవి రెండు. ఒకటి, ఆ పాటకు రుజువు విలువ ఎంత? రెండు, అది జ్యూరీలో ముద్దాయి పట్ల ఎంత దురభిప్రాయం కలిగిస్తుంది? న్యూజెర్సీ సుప్రీంకోర్టు 2014లో ఇచ్చిన స్కిన్నర్ తీర్పు ఈ తూకానికి మంచి నమూనా. హత్యాయత్నం కేసులో ముద్దాయి నోటు పుస్తకాల నుంచి పదమూడు పేజీల రాప్ సాహిత్యాన్ని జ్యూరీకి చదివి వినిపించారు. వాటిలో చాలా భాగం నేరం జరగడానికి చాలా ముందే రాసినవి. పాటలోని వివరాలకూ జరిగిన నేరానికీ మధ్య గట్టి సంబంధం ఉంటే తప్ప వాటిని అనుమతించరాదని కోర్టు తేల్చింది. హంతకుడి గొంతుతో పాట రాసినంత మాత్రాన కవి హంతకుడు కాడు.

దురభిప్రాయం అన్నది ఊహ కాదు. క్యారీ ఫ్రీడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1996లో ఒక ప్రయోగ ఫలితాలు ప్రచురించింది. పోలీసును చంపిన వ్యక్తి గురించిన పాత జానపద గీతంలోని పంక్తులను ఆమె కొందరికి రాప్ అని చెప్పి, మరికొందరికి కంట్రీ సంగీతమని చెప్పి ఇచ్చింది. పంక్తులు అవే. అయినా రాప్ అని విన్నవారికే అవి ఎక్కువ ప్రమాదకరంగా తోచాయి. మొదట్లో మీ ఇష్టాయిష్టాలను పక్కన పెట్టమని అన్నది ఇందుకే.

కవిత్వం కుట్ర కేసులోకి రావడం తెలుగు పాఠకులకు కొత్తేమీ కాదు. 1974లో మొదలైన సికింద్రాబాద్ కుట్ర కేసులో విప్లవ రచయితల సంఘం వారి రచనలు, ప్రసంగాలు ఆరోపణల్లో చోటు చేసుకున్నాయి. పదిహేనేళ్ల తర్వాత 1989లో వారు నిర్దోషులుగా విడుదలయ్యారు.

యంగ్ థగ్ కేసులో ప్రాసిక్యూషన్ పాటలను విడిచిపెట్టడానికి ఒప్పుకోలేదు. నేరాన్ని పాటలో ఒప్పుకునే వారి పాటను వాడుకుంటాను అని విల్లిస్ బహిరంగంగానే చెప్పారు. 2023 నవంబరు 9న న్యాయమూర్తి యూరల్ గ్లాన్‌విల్ పదిహేడు పాట భాగాలను షరతులతో అనుమతించారు. ప్రతి భాగానికీ ఫలానా ఆరోపణతో సంబంధం ఉందని ప్రాసిక్యూషన్ ముందుగా చూపించాలి. దీనికి ఏడాది ముందే కాలిఫోర్నియా వేరే దారి పట్టింది. సృజనాత్మక రచనను సాక్ష్యంగా చూపాలంటే జ్యూరీ లేనప్పుడు దానిపై విచారణ జరిపి, దురభిప్రాయపు ప్రమాదాన్ని న్యాయమూర్తి తప్పక పరిశీలించాలని 2022లో అక్కడ చట్టం వచ్చింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఒక పాటలో ముద్దాయి ఒక హత్యను వర్ణించాడనుకోండి. (అ) ఆ పాట హత్యకు రెండేళ్ల ముందు వచ్చింది. (ఆ) హత్య జరిగిన తర్వాత వచ్చింది, పోలీసులకు తప్ప ఎవరికీ తెలియని వివరం అందులో ఉంది. స్కిన్నర్ తీర్పు ప్రకారం ఈ రెండింటిని మీరు ఎలా వేరు చేస్తారు?

విచారణ నడిచిన తీరు

విలియమ్స్‌కు బెయిలు పదేపదే నిరాకరించారు. జ్యూరీ ఎంపిక 2023 జనవరిలో మొదలై దాదాపు పది నెలలు సాగింది. ఈలోగా పలువురు ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని బయటపడ్డారు. వారిలో అందరికీ తెలిసిన రాపర్ గన్నా 2022 డిసెంబరులో 'ఆల్ఫర్డ్ ప్లీ' చేశాడు. నేను నిర్దోషినే, అయినా నేరాంగీకారం నాకు మేలు కాబట్టి ఒప్పుకుంటున్నాను అనడమే ఆల్ఫర్డ్ ప్లీ. 1970లో సుప్రీంకోర్టు ఈ పద్ధతిని ఆమోదించింది. గన్నా ఇంటికి వెళ్లాడు, కాని తోటి రాపర్లు కొందరు అతణ్ణి ప్రభుత్వానికి లొంగిన వాడిగా చూశారు.

నవంబరు 27న విచారణ మొదలయ్యే నాటికి బోనులో మిగిలింది ఆరుగురు. రెండు వారాలకే ఒక ముద్దాయిని జైలులో పొడిచారు, విచారణ ఆగింది. 2024 జూన్‌లో న్యాయమూర్తి, ప్రాసిక్యూటర్లు, ఒక సాక్షి కలిసి డిఫెన్స్‌కు తెలియకుండా సమావేశమయ్యారన్న సంగతి స్టీల్ చెవిన పడింది. ఎవరు చెప్పారో చెప్పనన్నందుకు ఆయనకు కోర్టు ధిక్కారం కింద ఇరవై రోజుల శిక్ష వేశారు. దాన్ని జార్జియా సుప్రీంకోర్టు తర్వాత కొట్టివేసింది. జులైలో గ్లాన్‌విల్‌ను కేసు నుంచి తప్పించారు. పెయిజ్ రీస్ విటేకర్ మూడో న్యాయమూర్తిగా వచ్చారు. అక్టోబరులో ఒక సాక్షి, జ్యూరీకి తెలియకూడని మాట ఉన్న సోషల్ మీడియా పోస్టును ఉన్నదున్నట్టు పైకి చదివేశాడు. విచారణ మొత్తం రద్దయ్యే పరిస్థితి రావడంతో మళ్లీ బేరసారాలు మొదలయ్యాయి.

2024 అక్టోబరు 31న విలియమ్స్ ముఠా, మాదకద్రవ్యాలు, ఆయుధాలకు సంబంధించిన ఆరు అభియోగాల్లో నేరం ఒప్పుకున్నాడు. రికో కుట్రతో సహా మరి రెండింటిని కాదనలేదు, ఔననలేదు. ప్రభుత్వంతో ఒప్పందం కుదరకపోవడంతో శిక్షను న్యాయమూర్తికే వదిలాడు. ప్రాసిక్యూషన్ 45 ఏళ్ల శిక్ష, అందులో 25 ఏళ్లు జైలు కోరింది. విటేకర్ 40 ఏళ్ల శిక్ష విధించి, అప్పటికి గడిపిన జైలుతో మొదటి ఐదేళ్లు సరిపెట్టి, పదిహేనేళ్ల ప్రొబేషన్ ఇచ్చారు. షరతులు తప్పకపోతే మిగతా ఇరవై ఏళ్లు ఉండవు. తొమ్మిది వందల రోజులకు పైగా జైలులో ఉన్న మనిషి ఆ రాత్రే విడుదలయ్యాడు. పదేళ్లపాటు, పెళ్లిళ్లు, అంత్యక్రియల వంటి సందర్భాల్లో తప్ప, అతడు పుట్టిన అట్లాంటా మహానగరంలో ఉండకూడదు.

తీర్పు కావాలని పట్టుబట్టి చివరిదాకా నిలిచింది ఇద్దరే. డిసెంబరు 3న జ్యూరీ ఆ ఇద్దరినీ హత్య, ముఠా అభియోగాల నుంచి విడుదల చేసింది. రాపర్ యాక్ గాట్టిపై ఒక్క అభియోగం కూడా నిలవలేదు. రెండో వ్యక్తిపై చట్టవిరుద్ధంగా తుపాకి కలిగి ఉన్న అభియోగం మాత్రమే నిలిచింది. జార్జియా చరిత్రలో అతి పొడవైన క్రిమినల్ విచారణ అలా ముగిసింది. 2015 హత్యకు బాధ్యులెవరో మాత్రం తేలలేదు.

నేరం ఒప్పుకున్న తర్వాత కూడా మాట వెంటాడడం ఆగలేదు. 2025 ఏప్రిల్‌లో జిల్లా అటార్నీ కార్యాలయపు పరిశోధకురాలి గురించి విలియమ్స్ పెట్టిన ఒక పోస్టు ఆధారంగా ప్రొబేషన్ రద్దు చేయాలని ప్రాసిక్యూటర్లు కోరారు. విటేకర్ నిరాకరించారు. అయితే అలాంటి వ్యాఖ్యలకు దూరంగా ఉండడం మంచిదని సూచించారు.