పురిటి ప్రయాణంలో కారు మొరాయిస్తే...

తొలి కాన్పుకు ఆడపిల్లను పుట్టింటికి తీసుకురావడం మన ఇళ్లలో ఆనవాయితీ. ఏడో నెలలోనో, తొమ్మిదో నెలలోనో మంచిరోజు చూసి సీమంతం జరిపించి వెంట తెచ్చుకుంటారు. ఒకప్పుడు రైలు, ఆర్టీసీ బస్సులే దిక్కు. ఇప్పుడు చాలా ఇళ్లలో సొంత కారో, అద్దె కారో లేనిదే ఈ ప్రయాణం సాగడం లేదు. కారులో సుఖం ఉన్నమాట నిజమే. అది నడిరోడ్డుపై ఆగిపోయి, లోపల నెలలు నిండిన మనిషి ఉంటే మాత్రం ఇంటిల్లిపాదికీ కాళ్లూచేతులూ ఆడవు. అటువంటి వేళ ఎవరు ఏం చేయాలో బయల్దేరక ముందే అనుకొని ఉంటే సగం కంగారు తగ్గుతుంది.

రెండు పనులు... ఇద్దరు మనుషులు

కారు ఆగగానే అందరి దృష్టీ బానెట్ మీదికి పోతుంది. భర్త, మామగారు, బావమరిది అంతా ఇంజిన్ చుట్టూ చేరతారు. మెకానిక్ వస్తాడు, చూస్తాడు, అరగంటలో అయిపోతుందంటాడు. ఆ అరగంట రెండు గంటలవుతుంది. అంతసేపూ గర్భిణి వెనుక సీట్లో ఎండకో, చీకటికో కూర్చొని ఉండాల్సిందే. కారును బాగుచేయించడం ఒక పని. ఆమెను గమ్యానికి చేర్చడం వేరే పని. ఈ రెండింటినీ ముడిపెట్టడంతోనే చిక్కు వస్తోంది. ఒకరు బండి దగ్గర ఉండాలి. తల్లిగానీ, అత్తగారుగానీ, భర్తగానీ ఆమెను వెంటబెట్టుకొని మరో వాహనంలో ముందుకు సాగాలి. కారు బాగయ్యాక వెనుక వస్తుంది.

ఆ మరో వాహనం కోసం అప్పటికప్పుడు వెతకడం కష్టం. దారిలో ఉన్న ఊళ్లలో బంధువులెవరు, వారిలో కారు ఉన్నవారెవరు, రాత్రివేళ నడపగలిగేవారెవరు అన్నది ఒక కాగితంపై రాసుకోవాలి. సెల్‌ఫోన్ చార్జింగ్ అయిపోయినా కాగితం పనికొస్తుంది. దగ్గరి దూరానికి ఆటో ఫరవాలేదు గానీ నిండు గర్భిణిని ద్విచక్ర వాహనంపై ఎక్కించడం సరికాదు.

ముందు రోడ్డు అంచుకు

బండి కాస్తయినా కదిలితే ఎడమ అంచుకు చేర్చి, నాలుగు ఇండికేటర్లూ వెలిగించాలి. వెనుక తగినంత దూరంలో ఎర్ర త్రికోణం నిలబెట్టాలి. రాత్రిపూట ఆగి ఉన్న వాహనాలను వెనుక నుంచి వచ్చే లారీలు ఢీకొనడం జాతీయ రహదారులపై తరచూ చూస్తున్నదే. కాబట్టి గర్భిణిని ఎడమ తలుపు గుండా దింపి, రోడ్డుకు దూరంగా, ఇనుప కంచె ఉంటే దానికి అవతల కూర్చోబెట్టాలి. బండిని తోయడంలో ఆమె చేయి వేయరాదు. క్రేనుతో లాగించేటప్పుడు కారులో ఎవరూ ఉండకూడదు.

ఇంజిన్ వేడెక్కి ఆగితే వెంటనే రేడియేటర్ మూత తీయడం ప్రమాదకరం. మరిగిన నీరు ముఖం మీదికి చిమ్ముతుంది. వేసవిలో మరో ఇబ్బంది ఉంది. ఇంజిన్ ఆగితే ఏసీ పనిచేయదు. రెంటచింతల వంటి చోట్ల ఎండ సంగతి చెప్పనవసరం లేదు. అద్దాలు మూసిన కారు నిమిషాల్లో కొలిమి అవుతుంది. చెట్టునీడ, గాలి, తాగునీరు ముందు చూసుకోవాలి. ఎక్కువసేపు ఒకేచోట కూర్చుంటే గర్భిణుల కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంటుంది గనుక మధ్యమధ్య నాలుగడుగులు నడిపించాలి.

ఎవరికి ఫోన్ చేయాలి?

జాతీయ రహదారిపై ఉంటే 1033కు ఫోన్ చేస్తే క్రేను, అవసరమైతే అంబులెన్సు పంపుతారు. ఇది రాష్ట్ర రహదారులకు, పల్లె దారులకు వర్తించదు. కిలోమీటరు రాయిపై ఉన్న అంకె చెబితే వచ్చేవారికి చోటు దొరకడం తేలిక.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవ నేడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. ఉమ్మనీరు పోయినా, రక్తస్రావం కనిపించినా, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినా, ఫిట్స్ వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా మెకానిక్ మాట పక్కనపెట్టి ముందు 108కే ఫోన్ చేయాలి. వాహనం వచ్చేలోగా ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నొప్పులు మొదలైనంత మాత్రాన బెంబేలెత్తనక్కర్లేదు. తొలి కాన్పుకు సాధారణంగా చాలా గంటలే పడుతుంది. రెండో కాన్పు అయితే అంత వ్యవధి ఉండకపోవచ్చు.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం మీదుగా దోర్నాల, మార్కాపురం వెళ్లే దారి వంటి చోట్ల మరింత జాగ్రత్త అవసరం. నల్లమలలో ఫోన్ సిగ్నల్ అందని మలుపులున్నాయి. రాత్రివేళ అటవీశాఖ చెక్‌పోస్టుల వద్ద వాహనాలను ఆపేస్తారు. రాహుకాలం దాటాక బయల్దేరదామని పెద్దలు కూర్చుంటే ఘాట్ రోడ్డు చేరేసరికే పొద్దువాలుతుంది. ముహూర్తం చూసేవారు తెల్లవారుజామున చూస్తే అందరికీ మంచిది. 37 వారాలు నిండాక కాన్పు ఎప్పుడైనా రావచ్చు కనుక దూర ప్రయాణం అంతకుముందే ముగించుకోవాలి.

తల్లీబిడ్డ సంరక్షణ కార్డు, స్కానింగ్ రిపోర్టులు, మందులు, శుభ్రమైన పాత నూలుచీరలు ఉన్న సంచిని డిక్కీలో పెట్టకూడదు. బ్యాటరీ పడిపోతే కొన్ని కార్లలో డిక్కీ తెరుచుకోదు!

కారు షెడ్డులో ఉంటే

పుట్టింటికి చేరాక చెడిపోయినా చిక్కే. క్లచ్ ప్లేట్లు, గేర్‌బాక్సు వంటి సామాను పట్నం నుంచి రావాలంటే రోజులు పడుతుంది. ఇచ్చిన తేదీకే కాన్పయ్యేవారు నూటికి నలుగురైదుగురు మాత్రమే. తేదీ ఇంకా వారం ఉందిలే అని షెడ్డువైపు చూస్తూ కూర్చోవడం తగదు. వీధిలోని ఆటో డ్రైవరుకో, పక్కింటివారికో ముందుగా చెప్పి ఉంచాలి. అర్ధరాత్రి పిలిస్తే వస్తానన్న మాట తీసుకోవాలి. ఆసుపత్రికని దాచిన సొమ్ము మరమ్మతుకు తీయకుండా, మెకానిక్‌ను ముందే అంచనా అడిగి, తప్పనిసరి పని ఒక్కటే చేయించుకోవాలి.

2011లో ప్రారంభమైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో ప్రసవం ఉచితం. ఇంటినుంచి ఆసుపత్రికి, తిరిగి ఇంటికి రవాణా కూడా ఉచితమే. బాలింతను, బిడ్డను ఇంటికి చేర్చేందుకు తెలంగాణలో 102 అమ్మఒడి వాహనాలు, ఆంధ్రప్రదేశ్‌లో తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ వాహనాలు ఉన్నాయి. డిశ్చార్జికి ముందురోజే వార్డు సిబ్బందికి చెబితే వాహనం కోసం వేచి ఉండే పని తప్పుతుంది.