మార్కు సువార్త: చిన్న పుస్తకం, పెద్ద చదువు

ఈ పాఠంలో ఒక చిన్న పుస్తకాన్ని స్నాతకోత్తర స్థాయిలో ఎలా చదువుతారో తెలుసుకుందాం. ఆ పుస్తకం మార్కు సువార్త. అందులో 16 అధ్యాయాలే ఉన్నాయి. మూల గ్రీకులో సుమారు 11 వేల మాటలు. తీరిగ్గా కూర్చుంటే ఒక్క సాయంత్రంలో చదివేయవచ్చు. మరి అంత చిన్న పుస్తకం మీద విద్యార్థులు నెలలూ, ఏళ్లూ ఎందుకు గడుపుతారు?

ఈ ప్రశ్న నా దగ్గరికి భిలాయి సెక్టర్ 6లో, మా పక్క క్వార్టరు నుంచి వచ్చింది. నేను భౌతికశాస్త్రం బోధించేవాణ్ణి. మతబోధకుణ్ణి కాను. మా పక్కింటి పెద్దాయన ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. వారిది విజయనగరం వైపు. వాళ్లమ్మాయి ఎం.ఎస్సీ. పూర్తిచేసి, హైదరాబాదు వెళ్లి బి.డి. చదువుతానంది. బి.డి. అంటే క్రైస్తవ వేదాంతంలో పట్టా. ఒకరోజు ఆయన వచ్చి, "మాస్టారూ, అక్కడ సువార్తని ముక్కలు ముక్కలు చేసి పరీక్షిస్తారట. అదంతా అయ్యాక పిల్లకి నమ్మకం మిగులుతుందంటారా?" అని అడిగారు.

ఆ రోజు నా దగ్గర సమాధానం లేదు. ఆ అమ్మాయి తెచ్చుకున్న పుస్తకాలు నేనూ చదివాను. కొన్ని ఆదివారాలు ముగ్గురం కలిసి కూర్చున్నాం. అప్పుడు నాకు అర్థమైనదే ఈ పాఠం.

ఈ చదువు ఎక్కడుంది?

కలకత్తా దగ్గర శ్రీరాంపూర్‌లో 1818లో విలియం కేరీ, ఆయన సహచరులు కళాశాల స్థాపించారు. అప్పట్లో ఆ ఊరు డెన్మార్కు అధీనంలో ఉండేది. అందువల్ల 1827లో డెన్మార్కు రాజు ఆరవ ఫ్రెడరిక్ ఆ కళాశాలకు పట్టాలిచ్చే అధికారం ఇచ్చాడు. మన దేశంలోని అనేక వేదాంత కళాశాలలు నేటికీ శ్రీరాంపూర్ పట్టాల కోసమే విద్యార్థుల్ని తయారుచేస్తాయి. తెలుగువారికి వీటిలో ముఖ్యమైనది ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల. అది 1964లో రాజమండ్రిలో మొదలై, తర్వాత హైదరాబాదుకు తరలింది. మద్రాసు విశ్వవిద్యాలయంలో కూడా క్రైస్తవ అధ్యయన శాఖ ఉంది. అంటే ఇది పాదిరిగా మారబోయేవారికి మాత్రమే పరిమితమైన చదువు కాదు.

మూడు గడుల నోటుపుస్తకం

ప్రయోగశాలలో మేము పిల్లలకు మొదట నేర్పేది ఒకటే: చూసింది వేరు, దాన్నిబట్టి ఊహించింది వేరు, ఆ రెంటినీ కలపకూడదు. సువార్త చదువులోనూ ఇదే మొదటి పాఠం. మేము నోటుపుస్తకంలో మూడు గడులు గీసుకున్నాం. మొదటి గడి రాసి ఉన్నదానికి. రెండోది దానినుంచి ఊహించగలిగినదానికి. మూడోది నమ్మినదానికి.

ఒక ఉదాహరణ చూద్దాం. 12వ అధ్యాయంలో ఒక పేద విధవరాలు దేవాలయపు పెట్టెలో రెండు చిన్న నాణేలు వేస్తుంది. గ్రీకులో వాటి పేరు లెప్టా. ఆ రెండూ కలిస్తే ఒక క్వాద్రాన్స్ అవుతుందని మార్కు వివరిస్తాడు. క్వాద్రాన్స్ రోమను నాణెం. రెండు అణాలంటే ఎంతో ఇప్పటి పిల్లలకు పైసల్లో చెప్పినట్టన్నమాట. ఇది మొదటి గడిలోకి వెళుతుంది. ఇలాగే 7వ అధ్యాయంలో యూదులు చేతులు కడుక్కునే ఆచారాన్ని ఆయన విడమరిచి చెబుతాడు. 5వ అధ్యాయంలో తలీతా కుమీ అనే అరమేయిక్ మాటలకు వెంటనే అర్థం కూడా ఇస్తాడు. యూదులకు యూదుల ఆచారం వివరించాల్సిన పనిలేదు. కాబట్టి ఆయన శ్రోతల్లో యూదులు కానివారు, రోమను నాణేలు ఎరిగినవారు చాలామంది ఉండి ఉండాలి. ఇది రెండో గడి.

మరి రాసింది ఎవరు? పుస్తకంలో ఎక్కడా రచయిత తన పేరు చెప్పుకోడు. మార్కు పేతురుకు దుబాసీగా ఉండి ఆయన చెప్పినవి రాశాడని రెండో శతాబ్దపు తొలినాళ్లలో పాపియాస్ అనే ఆయన చెప్పినట్టు, నాలుగో శతాబ్దపు చరిత్రకారుడు యూసేబియస్ నమోదు చేశాడు. ఇది చాలా పాత సాక్ష్యం, కాని బయటి సాక్ష్యం. ఎక్కువమంది పండితులు ఈ రచనను క్రీ.శ. 65కూ 75కూ మధ్య ఉంచుతారు. యెరూషలేము దేవాలయాన్ని రోమను సైన్యం ధ్వంసం చేసింది 70లో. 13వ అధ్యాయం ఆ దేవాలయపు నాశనం గురించే మాట్లాడుతుంది. అందుకే పుస్తకం 70కి కొంచెం ముందుదా, వెనుకదా అన్న చర్చ ఇంకా తెగలేదు.

కథ అల్లిక

మార్కు శైలి పరుగు శైలి. వెంటనే అనే అర్థమిచ్చే గ్రీకు మాట ఆయన సుమారు 40 సార్లు వాడాడు. అయితే ఆ పరుగులోనూ ఒక అల్లిక ఉంది. 5వ అధ్యాయంలో యాయీరు అనే అధికారి చావుబతుకుల్లో ఉన్న కూతురి కోసం యేసును పిలుచుకు వెళుతుంటాడు. దారిలో రక్తస్రావంతో బాధపడే స్త్రీ అడ్డుపడుతుంది. ఆమె కథ ముగిశాకే మళ్లీ యాయీరు ఇంటికి వెళతాం. ఆ స్త్రీ 12 ఏళ్లుగా రోగి. ఆ పాప వయసు 12 ఏళ్లు. ఒక కథ మధ్యలో మరో కథ పెట్టడం మార్కుకు అలవాటు. 11వ అధ్యాయంలో అంజూరపు చెట్టు కథ మధ్యలో దేవాలయ సంఘటన కూడా ఇలాగే వస్తుంది. ఒకదాన్ని మరొకదానితో కలిపి అర్థం చేసుకోమని రచయిత చేసే సైగ అది.

ఈ మాట విని పెద్దాయన, "యాభై ఏళ్లుగా చదువుతున్నాను, ఈ పన్నెండూ పన్నెండూ ఎప్పుడూ కలపలేదు" అన్నారు.

పక్కపక్కన పెట్టి చూడడం

మత్తయి, మార్కు, లూకా సువార్తలను పక్కపక్కన మూడు వరుసల్లో అచ్చువేసి చదువుతారు. అందుకే వీటిని సినాప్టిక్ సువార్తలు అంటారు. మార్కులో ఉన్నదానిలో పదింట తొమ్మిది వంతులు ఏదో ఒక రూపంలో మత్తయిలో కనబడతాయి. ఒకే సంఘటన గురించి ఇద్దరు చెప్పారు కనుక పోలిక వచ్చిందని అనుకోవచ్చా?

జవాబుపత్రాలు దిద్దేవారికి ఈ చిక్కు తెలుసు. ఇద్దరు పిల్లలు ఒకే సరైన జవాబు రాస్తే అనుమానించం. ఇద్దరూ ఒకేచోట, ఒకే పక్కమాట రాస్తే మాత్రం ఆగి చూస్తాం. మార్కు 13వ అధ్యాయం 14వ వచనంలో యేసు మాటల మధ్య, చదివేవాడు గ్రహించుకోవాలి అనే అర్థంలో ఒక సూచన ఉంది. మత్తయి 24వ అధ్యాయం 15వ వచనంలో అదే చోట అదే సూచన ఉంది. నోటిమాటగా వచ్చిన కథలో చదివేవాడి ప్రస్తావన ఉండడం అరుదు. కనుక ఇద్దరి మధ్యా రాతరూపంలో సంబంధం ఉందని అనుకోవడం సబబు. మార్కే ముందు రాశాడనీ, మిగతా ఇద్దరూ దాన్ని వాడుకున్నారనీ నేడు ఎక్కువమంది పండితుల అభిప్రాయం. మత్తయే ముందని వాదించేవారూ ఉన్నారు.

రాతప్రతుల సాక్ష్యం

మార్కు స్వహస్తంతో రాసిన ప్రతి మనకు దక్కలేదు. ఉన్నవన్నీ నకళ్లకు నకళ్లు. ఈజిప్టులోని ఆక్సిరింకస్‌లో దొరికి, 2018లో ప్రచురితమైన ఒక చిన్న పాపిరస్ ముక్కలో మొదటి అధ్యాయపు కొన్ని వచనాలున్నాయి. అది రెండో శతాబ్దపు చివర గాని, మూడో శతాబ్దపు మొదట గాని రాసినది. దాదాపు పుస్తకమంతా ఉన్న పెద్ద ప్రతులు నాలుగో శతాబ్దం నుంచి దొరుకుతాయి.

నకలు రాసేటప్పుడు తేడాలు వస్తాయి. మొదటి అధ్యాయం 41వ వచనంలో కుష్ఠరోగిని చూసి యేసు జాలిపడ్డాడని ఎక్కువ ప్రతుల్లో ఉంది. కోడెక్స్ బేజె అనే పాత ప్రతిలో కోపగించాడని ఉంది. ఏది అసలు? కోపాన్ని జాలిగా మార్చే లేఖకుణ్ణి ఊహించగలం, జాలిని కోపంగా మార్చేవాణ్ణి ఊహించడం కష్టం. అందువల్ల కష్టమైన పాఠమే పాతదై ఉండవచ్చని ఒక సూత్రం. అయితే ఎక్కువ ప్రతుల సాక్ష్యం రెండోవైపు ఉంది. పండితులు ఇక్కడ రెండుగా చీలిపోయారు.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న పుస్తకం ముగింపు. నాలుగో శతాబ్దపు సినాయిటికస్, వాటికానస్ ప్రతుల్లో మార్కు 16వ అధ్యాయం 8వ వచనంతో ఆగిపోతుంది. స్త్రీలు భయంతో సమాధి దగ్గరనుంచి పారిపోతారు, అంతే. తర్వాతి 12 వచనాలు చాలా ప్రతుల్లో ఉన్నా, వాటి మాటతీరు వేరు. అవి మార్కు రాసినవి కావని ఎక్కువమంది పండితులు భావిస్తారు.

ఇక్కడే మా ఆదివారపు పాఠం ఆగింది. పెద్దాయన ముందుగదిలో ఫ్రేము కట్టించి పెట్టుకున్న వాక్యం, సర్వలోకానికీ వెళ్లి సువార్త ప్రకటించమన్నది, ఆ 12 వచనాల్లోదే. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే అది అబద్ధమా?" అన్నారు.

అమ్మాయి నోటుపుస్తకం తెరిచింది. "లేదు నాన్నా. మార్కు చేతిరాత కాదని అంటున్నారు, అది రెండో గడి. క్రీ.శ. 180 ప్రాంతంలోనే ఐరేనియస్ ఇందులో ఒక వచనం మార్కుదని ఉదహరించాడు, కాబట్టి ఇది చాలా పాతది. ఇలాంటి ఆజ్ఞే మత్తయి చివరా ఉంది. సంఘం దీన్ని లేఖనంగా చదువుతూ వచ్చింది. ఇక మూడో గడి నువ్వు నింపుకోవలసింది" అంది.

మన భాషలోకి వచ్చిన దారి

మా పక్కింటివారి స్వస్థలానికి దగ్గర్లోనే ఈ పుస్తకం తెలుగైంది. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీలు జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయర్ అనే తెలుగు పండితుడు అనువాదంలో తోడ్పడ్డాడు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో చనిపోయారు. వారి కృషిలో మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అచ్చుపుస్తకాన్ని వాళ్లిద్దరూ చూడలేదు.

మరి నమ్మకం సంగతి?

ఈ చదువు నమ్మకాన్ని ఇవ్వలేదు, తీసుకోనూ లేదు. అది ఏ మాటకు ఎంత ఆధారం ఉందో చెబుతుంది. కొలతతోపాటు దోషపరిమితి కూడా రాయమని నేను పిల్లలకు చెప్పేవాణ్ణి. దోషపరిమితి రాసినంత మాత్రాన కొలత పనికిరానిది కాదు. అలాగే ఇక్కడ ఆధారం తక్కువని ఒప్పుకున్న చదువరి మాట, మరోచోట ఆధారం గట్టిగా ఉందన్నప్పుడు నమ్మదగినదవుతుంది. అయితే నొప్పి ఉండదని చెప్పలేను. ఆ పెద్దాయన మౌనం నేను చూశాను.

ఆ ఫ్రేము ఇప్పటికీ గోడమీదే ఉంది. అమ్మాయి కళాశాలకు బయలుదేరిన రోజు పెట్టె మోసుకుని దుర్గ్ స్టేషన్‌కు వెళ్లింది కూడా ఆయనే.

మీరే చేసి చూడండి

1. ఇక్కడి మన ఇళ్లలో పెద్దలు తెలుగు బైబిలు, పిల్లలు హిందీ బైబిలు చదువుతారు. రెండూ పక్కపక్కన పెట్టి మార్కు 16వ అధ్యాయం చదవండి. 8వ వచనం తర్వాత కుండలీకరణాలు గాని, అడుగున సూచన గాని ఉన్నాయేమో గమనించండి.

2. మార్కు 5వ అధ్యాయంలోని రెండు కథలకూ ఉన్న పోలికలు, తేడాలు రాయండి.

3. మీకు ఇష్టమైన ఒక వచనం తీసుకుని మూడు గడులూ నింపండి. ఏ గడి నింపడం కష్టమైందో ఇంట్లోవారితో చర్చించండి.