మేస్త్రి మధ్యలో పని మానేస్తే?

ఒక అక్క ఇల్లు కట్టుకుంటోంది. ఇటుక, ఇసుక, సిమెంటు తనవే. కూలిపని మేస్త్రికి గుత్తకు ఇచ్చింది. మొత్తం 1,20,000 రూపాయలకు మాట్లాడుకున్నారు. మేస్త్రి విడతలుగా 80,000 తీసుకున్నాడు.

గోడలు లేచాయి. ఒక గోడ పక్కకు ఒరిగింది. "ఇదేంటి మేస్త్రీ, గోడ వంకరగా ఉంది?" అని అక్క అడిగింది. మేస్త్రికి కోపం వచ్చింది.

"నా పని నచ్చకపోతే వేరేవాళ్లను చూసుకోమ్మా. ఇంతటితో మనకు చెల్లు" అన్నాడు. తాపీ, తట్ట సర్దుకుని పోయాడు.

అక్కకు దిగులు పట్టుకుంది. అడగకుండా ఉంటే బాగుండేదేమో అనుకుంది.

అడగడం తప్పా? కాదు. డబ్బిచ్చి చేయించుకునే పని ఎలా ఉందో అడగడం మన హక్కు.

మరి మేస్త్రి పని మానేయవచ్చా? ఇష్టం లేని మనిషి చేత బలవంతంగా గోడ కట్టించలేం. కానీ పని ఆగితే లెక్క ఆగిపోదు. సరైన కారణం లేకుండా ఒప్పందం తప్పినవారు అవతలివారి నష్టం ఇచ్చుకోవాలి. 1872 నాటి ఒప్పందాల చట్టం ఈ మాటే చెబుతుంది.

లెక్క ఇలా చూడాలి. సగం పని అయిందనుకుందాం. దానికి కూలి 60,000. మేస్త్రి తీసుకున్నది 80,000. అంటే 20,000 తిరిగి ఇవ్వాలి. మిగతా పనికి కొత్త మేస్త్రి 60,000 బదులు 70,000 తీసుకుంటే, ఆ పై 10,000 కూడా అడగవచ్చు. వంకర గోడ సరిచేసే ఖర్చూ అడగవచ్చు.

మేస్త్రికీ హక్కుంది. చేసిన మంచి పనికి కూలి బాకీ ఉంటే మనం ఇవ్వాలి. ఒప్పుకున్న విడత మనమే ఇవ్వక పని ఆగితే తప్పు మనది.

పని ఆగిపోతే ఏం చేయాలి?

1. కొత్త మేస్త్రిని వెంటనే పనిలో దింపకండి. ముందు అయిన పని కొలిపించండి. ఇద్దరు పెద్దమనుషుల ఎదుట రాయించండి. ఫోటోలు తీయించండి.

2. రావలసిన సొమ్ము ఎంతో రాసి, మేస్త్రికి స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి. రసీదు దాచుకోండి.

3. అయినా తేలకపోతే 1915కు ఫోన్ చేయండి. అది వినియోగదారుల సహాయ నంబరు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు కూడా వేయవచ్చు. ఇల్లు కట్టిపెట్టడం సేవ కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1993లో చెప్పింది. కేసు రెండేళ్లలోపు వేయాలి. మీరు ఇచ్చిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు.

4. వకీలుకు డబ్బు లేదని ఆగిపోకండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. 15100కు ఫోన్ చేసినా చెబుతారు.

నోటిమాట ఒప్పందం కూడా చెల్లుతుంది. కానీ దాన్ని రుజువు చేయడం కష్టం. ఆ అక్క దగ్గర ఒక్క కాగితమూ లేదు. 80,000 ఇచ్చానని ఎలా చూపిస్తుంది?

మనకిప్పుడు రాయడం వచ్చు. పని మొదలుపెట్టే ముందే కాగితం రాసుకుందాం. ఏ పని, ఎంత కూలి, ఏ విడత ఎప్పుడు, మధ్యలో మానేస్తే లెక్క ఎలా అన్నీ అందులో ఉండాలి. డబ్బు ఇచ్చిన ప్రతిసారీ తేదీ వేసి మేస్త్రి సంతకం తీసుకోవాలి.

మీ ఇంటి పని ఎవరికైనా గుత్తకు ఇచ్చారా? కాగితం ఉందా? లేకపోతే ఈ రోజే రాసుకోండి.